మంచు లాంతరు - చలిదేశంలో సంధ్యాదీపం
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"అమెరికా వెళ్ళి వచ్చారు కదా, అక్కడి విశేషాలు ఓ పావుగంట చెప్పండి" అని మన కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. విమాన ప్రయాణం, పెద్ద పెద్ద దుకాణాలు, నయాగరా జలపాతం - ఇవన్నీ ఈ వేదిక మీద మనం చాలాసార్లు విన్నాం. వాటిని నాకంటే బాగా చెప్పగలవారు మొదటి వరుసలోనే నలుగురున్నారు. అందుచేత నేను ఒకే ఒక్క వస్తువు గురించి మాట్లాడతాను. బకెట్టెడు నీళ్ళుంటే అది తయారవుతుంది. ఖర్చు కొవ్వొత్తి ఖర్చే. ఎండ ముదిరితే ఆనవాలు లేకుండా పోతుంది. దాన్ని మంచు లాంతరు అంటారు.

నా ఉద్యోగం యావత్తూ మంచుగడ్డల మధ్యనే గడిచిందని మీలో చాలామందికి తెలుసు. కాకినాడలో చేపల కోసం ఐసు తయారుచేసే ప్లాంటులో చేరి, అక్కడే సూపర్‌వైజరునై, 2005లో రిటైరయ్యాను. ప్లాంటులో ఐసు ఎలా తయారవుతుందో రెండు ముక్కల్లో చెప్తాను, ఎందుకంటే లాంతరు రహస్యం కూడా అందులోనే ఉంది. రేకు క్యాన్లలో మంచినీళ్ళు నింపి, వాటిని పెద్ద ఉప్పునీళ్ళ తొట్టెలో దించుతాం. అమ్మోనియా యంత్రం ఆ ఉప్పునీటిని సున్నాకు పది డిగ్రీలు దిగువదాకా చల్లబరుస్తుంది. ఉప్పు ఉంది కాబట్టి ఆ నీరు గడ్డకట్టదు. క్యాన్‌లోని మంచినీరు గడ్డకడుతుంది. అదికూడా ఒక్కసారిగా కాదు. ముందు క్యాన్ గోడలకు అంటుకున్న నీరు, తరువాత దాని లోపలి నీరు, చిట్టచివరకు నడిమధ్య నీరు. ఆ నడిమధ్య నీటిలోకే కరిగిన గాలీ, మలినాలూ అన్నీ చేరతాయి. ఐసు దిమ్మ మధ్యలో తెల్లటి చార కనబడుతుందే, అది అదే. శుభ్రమైన దిమ్మ కావాలంటే మధ్యలో ఇంకా గడ్డకట్టని నీటిని పీల్చేసి, మళ్ళీ మంచినీళ్ళు పోస్తారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

మేమిద్దరం 2024 నవంబరులో మా అబ్బాయి దగ్గరకు వెళ్ళాం. వాడుండేది మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపోలిస్ నగరం శివార్లలో. పదివేల సరస్సుల రాష్ట్రమని వాళ్ళ కార్ల నంబరు పలకల మీదే రాసుకుంటారు. జనవరిలో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత సగటున సున్నాకు 13 డిగ్రీలు దిగువన ఉంటుంది. అంటే మా ఐసు ప్లాంటులోని ఉప్పునీళ్ళ తొట్టె కంటే ఆ ఊరే చల్లన! చలిగాలి వీచిన రోజుల్లో ఇరవై డిగ్రీల దిగువకు కూడా దిగింది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే సూర్యాస్తమయం. మర్నాడు మళ్ళీ సూర్యుడు కనబడేసరికి ఏడూ నలభై, యాభై.

పిల్లలు మమ్మల్ని ఎంతో బాగా చూసుకున్నారు. ఆ మాట ముందే చెప్పకపోతే తరువాత చెప్పేది అపార్థమవుతుంది. అబ్బాయీ కోడలూ ఉద్యోగస్థులు, మనవరాలు బడికి వెళ్తుంది. పగలంతా ఇంట్లో మేమిద్దరమే. మా ఆవిడకు ఇక్కడ తెల్లవారితే పాలవాడు, పూలమ్మి, పక్కింటి గోడ మీదుగా అరగంట కబుర్లు. అక్కడ కిటికీలోంచి చూస్తే తెల్లటి మంచు, ఆకులు రాలిన చెట్లు. మనిషి కనబడడు. చెల్లెలితో ఫోనులో మాట్లాడదామంటే పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ తీరిక దొరికేసరికి అక్కడ అర్ధరాత్రి. మోకాళ్ళ నొప్పుల వల్ల మంచులోకి అడుగు పెట్టడానికి భయం. చివరికి ఇంట్లో సాయంత్రం దీపం పెడదామన్నా, అగరువత్తి పొగకే కప్పుకున్న అలారం గొల్లుమంటుంది. రెండుసార్లు అలా మోగాక ఆవిడ దీపం పెట్టడమే మానేసింది.

డిసెంబరు మొదటి వారానికి ఆవిడ మాట తగ్గింది. అడిగితే ఊ, లేకపోతే ఊహూ. సాయంత్రం ఆరింటికే పడుకునేది. కోడలు భయపడి డాక్టరుకు చూపించింది. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. వెలుతురు తగ్గే కాలంలో కొందరికి ఇలా అవుతుంది, పగటిపూట కాసేపు బయట తిరగమనండి, పని కల్పించండి అన్నాడాయన. ఆ రాత్రి ఆవిడ నాతో ఒక మాట అంది. "ఏమండీ, మనల్ని ఎంతో జాగ్రత్తగానే పెట్టారు. కానీ తెచ్చుకున్న పెట్టెల పక్కన పెట్టినట్టుంది" అంది. నాకు జవాబు దొరకలేదు.

మా ఎదురింట్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. ఆవిడ తాతముత్తాతలు ఫిన్లాండు నుంచి వలస వచ్చారట. ఒకనాటి సాయంత్రం ఆవిడ గుమ్మం ముందు ఏదో దీపం వెలుగుతూ కనబడింది. గాజు కుండలో దీపం పెట్టినట్టుంది. "అది గాజు కాదు తాతయ్యా, ఐస్" అంది మనవరాలు. ఉద్యోగరీత్యా ఐసు అన్న మాట వింటే నేను ఆగలేను కదా! కోటూ టోపీ తగిలించుకుని, మనవరాలిని దుబాసీగా పెట్టుకుని వెళ్ళి చూశాను. చూడగానే అర్థమైంది. మా క్యాన్‌లో దిమ్మ పూర్తిగా గడ్డకట్టకముందే బయటకు తీసి, నడిమధ్య నీటిని పారబోస్తే ఏం మిగులుతుందో, అదే ఆ లాంతరు!

తయారీ విధానం చెప్తాను. పిల్లల దగ్గరకు చలిదేశాలకు వెళ్ళేవారు రాసుకోవచ్చు.

పదిహేను, ఇరవై లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు తీసుకోవాలి. అడుగు కంటే మూతి కాస్త వెడల్పుగా ఉంటే గడ్డ సులువుగా జారి వస్తుంది. అంచుకు రెండంగుళాలు తక్కువగా నీళ్ళు నింపాలి. నీరు గడ్డకడితే సుమారు నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతుంది కాబట్టి ఆ ఖాళీ తప్పనిసరి. బకెట్టును బయట మంచు మీద పెట్టాలి. మంచు నేల వైపునుంచి దుప్పటిలా కాపాడుతుంది. అందువల్ల పైభాగమూ, చుట్టూ గోడలూ ముందు గడ్డకడతాయి. అడుగు పలచగా ఉండిపోతుంది. పది, పదిహేను డిగ్రీల దిగువ చలిలో సుమారు ఒక రాత్రీ ఒక పగలూ పడుతుంది. చలిని బట్టి ఇది మారుతుంది గనక పన్నెండు గంటల తరువాత అప్పుడప్పుడు చూస్తూ ఉండాలి. గోడ రెండంగుళాల మందం కడితే చాలు. మరీ వదిలేస్తే మొత్తం దిమ్మైపోతుంది, బకెట్టు కూడా పగలవచ్చు.

తరువాత బకెట్టును ఇంట్లోకి తెచ్చి పావుగంట ఉంచితే గోడల దగ్గర కాస్త కరిగి గడ్డ వదులవుతుంది. ప్లాంటులో మేమూ క్యాన్లను మామూలు నీళ్ళలో ముంచి దిమ్మల్ని వదిలించేవాళ్ళం. తొందరపడి వేడినీళ్ళు పోస్తే మటుకు గడ్డ ఫెళ్ళున చీలుతుంది. వదులైన గడ్డను బయటకు తీసుకెళ్ళి తలకిందులుగా బోర్లించాలి. ఇప్పుడు బకెట్టు అడుగు పైకి వస్తుంది. అక్కడి పలచటి పొరను చిన్న ఉలితోనో, గరిటె కాడతోనో పగలగొట్టి లోపలి నీళ్ళు పారబోస్తే బోలుగా, కుండలా ఉన్న లాంతరు మిగులుతుంది. గాలీ మలినమూ ఆ నీళ్ళతోనే పోతాయి గనక గోడలు గాజులా మెరుస్తాయి.

ఇక్కడ మనలాంటి పెద్దవాళ్ళకు ముఖ్యమైన హెచ్చరిక. ఆ నీళ్ళు నడిచే దారిలో పోయకండి. పది నిమిషాల్లో అద్దంలా గడ్డకట్టి, కాలు పెట్టినవారి తుంటి విరుగుతుంది. పైగా నిండు బకెట్టు ఇరవై కిలోల బరువు. మోసే పని పిల్లలకే వదలండి.

లోపల పెట్టే కొవ్వొత్తి కింద చిన్న రాయో, డబ్బా మూతో ఉంచాలి. లేకపోతే కరిగిన నీరు చేరి వత్తి మునిగిపోతుంది. పైమూతి తెరిచే ఉండాలి. గాలి ఆడకపోతే మంట నిలవదు. చెక్క మెట్లకూ, ఎండుకొమ్మలకూ దూరంగా పెట్టాలి. బ్యాటరీ దీపాలు కూడా వాడవచ్చు గానీ తీవ్రమైన చలిలో మామూలు బ్యాటరీల శక్తి బాగా తగ్గిపోతుంది; లిథియం బ్యాటరీలు నయం.

మొదటి లాంతరు తయారైన సాయంత్రం మనవరాలు నానమ్మను చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తెచ్చింది. ఆవిడ శాలువా కప్పుకుని నిలబడి చూసింది. "సంధ్యవేళ గుమ్మం ముందు దీపం పెడితే ఇక్కడ అలారం మొగదు కదూ" అంది. అంతే. మర్నాటి నుంచి నాలుగూ పదికల్లా ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, స్వెట్టరు మీద కోటు వేసుకుని తయారయ్యేది. అబ్బాయి గుమ్మం దగ్గర ఇసుక చల్లి, పట్టుకోవడానికి కర్ర అమర్చాడు. ఆ దీపం వెలిగించడానికి ఆవిడ రోజూ పది అడుగులు బయట వేసింది. డాక్టరు చెప్పిన మందు అలా మొదలైంది.

ఆ తరువాత లాంతర్ల పని నా చేతుల్లోంచి ఆవిడ చేతుల్లోకి పోయింది. సంక్రాంతి వస్తోంది. ఆ కాలనీలో ఇంటి ముందు భోగిమంట వేయడానికి వీల్లేదు. రేగుపళ్ళు దొరకవు. "మంట లేకపోతే దీపాలు పెడదాం. రేగుపళ్ళు లేకపోతే ఆ ఎర్రపళ్ళు ఉన్నాయిగా" అంది. ఎర్రపళ్ళంటే క్రాన్‌బెర్రీలు. ఇందుకు రెండు గిన్నెల పద్ధతి వాడాం. పెద్ద గిన్నెలో చిన్న గిన్నె ఉంచి, అది తేలకుండా అందులో రాళ్ళు వేసి, రెంటికీ మధ్య నీళ్ళు పోసి బయట పెట్టాలి. కాని పళ్ళూ పూలరేకులూ ఒక్కసారే వేస్తే అన్నీ పైకి తేలిపోతాయి. ఆవిడ ముగ్గు వేసే చేతికి ఆ కిటుకు తట్టింది. రెండంగుళాలు నీళ్ళు పోసి, ఒక వరుస పళ్ళు పేర్చి, అది గడ్డకట్టాక మళ్ళీ బాగా చల్లని నీళ్ళు పోసి, పైన చామంతి రేకులు, ఆ పైన నారింజ తొక్కలు - ఇలా వరుస మీద వరుస. రెండు రోజులు పట్టింది. 2025 జనవరి 13న భోగినాడు తెల్లవారకముందే ఇంటి ముందు ఏడు లాంతర్లు వెలిగాయి. లోపలికి వచ్చి మనవరాలికి క్రాన్‌బెర్రీలతోనే భోగిపళ్ళు పోసింది.

ఈ లాంతర్లు ఎక్కడివని మీరడగవచ్చు. చలి ముదిరిన ప్రతిచోటా జనం ఏదో రూపంలో చేసుకుంటున్నారు. చైనా ఈశాన్య ప్రాంతంలో హర్బిన్ నగరం ఉంది. అక్కడ సొంఘువా నది ఒడ్డున చేపలు పట్టేవాళ్ళూ, రైతులూ బకెట్లలో నీళ్ళు గడ్డకట్టించి, మధ్య బోలు చేసి, దీపం పెట్టుకుని రాత్రిళ్ళు పనికి వెళ్ళేవారని చెబుతారు. 1963లో ఆ నగరంలోని జావోలిన్ పార్కులో మంచు దీపాల ఉత్సవం మొదలైంది. 1985 నుంచి అది ఏటేటా జరిగే పెద్ద పండుగైంది. ఇప్పుడు అక్కడ నది నుంచి కోసిన మంచుదిమ్మలతో ఏకంగా భవనాలే కడుతున్నారు. చేపలవాళ్ళ లాంతరు కదా అని నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఫిన్లాండులో డిసెంబరు 6 స్వాతంత్ర్య దినం. ఆ సాయంత్రం ఇళ్ళ కిటికీల్లో రెండేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం శ్మశానాలకు వెళ్ళి తమవారి సమాధుల దగ్గర దీపాలు పెడతారు. స్వీడన్‌లో మంచు ఉండల్ని గోపురంలా పేర్చి మధ్యలో దీపం పెట్టడం పిల్లల ఆట. ఇక మిన్నెసోటా సంగతి. 1885లో న్యూయార్కు విలేకరి ఒకరు సెయింట్ పాల్ నగరాన్ని సైబీరియాతో పోల్చి, మనుషులు ఉండలేని చోటని రాశాడట. ఆ ఊరివాళ్ళు రోషపడి 1886లో చలికాలపు జాతర మొదలుపెట్టి, మంచుదిమ్మలతో కోట కట్టి చూపించారు. ఆ జాతర నేటికీ జరుగుతోంది. మినియాపోలిస్‌లోని లేక్ ఆఫ్ ది ఐల్స్ అనే సరస్సు దగ్గర ఫిబ్రవరిలో వందలాది మంచు లాంతర్లు వెలిగించి, వాటి మధ్య జనం నడిచే ఉత్సవం ఒకటుంది. గడ్డకట్టిన సరస్సు మీద నడవడం మనకు వింత. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉండి అడుగుకు దిగుతుంది. అంతకంటే చల్లని నీరు పైకి తేలి ముందు గడ్డకడుతుంది. కింద చేపలు బతికే ఉంటాయి. కాని 2023-24 చలికాలం ఆ రాష్ట్రంలో రికార్డులకెక్కినంత వెచ్చగా గడిచిందని, ఇలాంటి ఏడాది సరస్సు మంచును నమ్మలేమని ఎదురింటావిడ దిగులుపడింది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పమని మా ఆవిడే అంది.

జనవరి మూడో వారంలో, అందరికంటే చలి ఎక్కువగా ఉన్న రోజుల్లో, రాజమండ్రి నుంచి ఫోను వచ్చింది. మా ఆవిడ చెల్లెలు పోయింది. గుండెపోటు. మేం విమానం ఎక్కి చేరేసరికి అన్నీ అయిపోతాయి. వీడియోలో చూపిస్తామన్నారు, ఆవిడ చూడనంది. ఇక్కడున్న మీలో చాలామందికి ఈ భయం ఉంటుంది. పిల్లల దగ్గర ఉంటే ఇక్కడివాళ్ళకు దూరం, ఇక్కడుంటే పిల్లలకు దూరం. ఏదో ఒక ఫోను ఏదో ఒక అర్ధరాత్రి వస్తుంది.

ఆ సాయంత్రం ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టలేదు. కాని నాలుగున్నరకు కోటు వేసుకుంది. మైలలో దీపమేమిటని నేను అడగబోయి ఆగాను. ఆవిడే అంది, "ఇది పూజ కాదండీ. చీకట్లో వెళ్ళేవాళ్ళకు దారి కోసం." బయటకు వెళ్ళి కొత్త లాంతరులో వత్తి వెలిగించి, ఆ చలిలో నిలబడిపోయింది. కోడలు ఎదురింటివాళ్ళకు చెప్పినట్టుంది. కాసేపటికి ఆ ముసలావిడ తన గుమ్మం ముందున్న లాంతరును పిల్లలు మంచులో లాగే బల్ల మీద పెట్టుకుని, మెల్లగా వీధి దాటి లాక్కొచ్చి, మా లాంతరు పక్కన పెట్టింది. వాళ్ళిద్దరికీ భాష కలవదు. మా ఆవిడ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, తన ఇంటికి తాను వెళ్ళిపోయింది. పదకొండు రోజులూ ఆ రెండు లాంతర్లూ అక్కడే వెలిగాయి. పన్నెండో నాడు అబ్బాయి మమ్మల్ని మేపుల్ గ్రోవ్‌లోని హిందూ దేవాలయానికి తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రం ఎదురింటావిడ లాంతరును వాళ్ళ గుమ్మం ముందుకు తిరిగి చేర్చాం.

మంచు లాంతరుతో దుఃఖం పోతుందని నేను చెప్పను. మోకాళ్ళ నొప్పులూ అలాగే ఉన్నాయి. కాని పెట్టెల పక్కన పెట్టినట్టుందన్న మాట ఆవిడ మళ్ళీ అనలేదు. ఫిబ్రవరి వచ్చేసరికి పక్క వీధిలోని ఇద్దరు తెలుగు అమ్మాయిలు, తల్లులు ఊళ్ళో ఉన్నవాళ్ళు, పిల్లల్ని తీసుకొచ్చి ఆవిడ దగ్గర ఈ పని నేర్చుకున్నారు. మార్చి మధ్యకు ఎండ వేడెక్కి లాంతర్లు పలచబడి, ఒక్కొక్కటే కూలిపోయాయి. గడ్డిలో క్రాన్‌బెర్రీలు మిగిలితే పిట్టలు తిన్నాయి. ఏప్రిల్‌లో మేం తిరిగి వచ్చేశాం.

పిల్లల దగ్గరకు వెళ్ళబోయే సభ్యులకు నా మనవి మూడే ముక్కలు. మందులూ, భీమా కాగితాలూ, పచ్చళ్ళూ ఎలాగూ సర్దుకుంటారు. వాటితోపాటు మీ చేతికి వచ్చిన పని ఏదో ఒకటి మనసులో సర్దుకుని వెళ్ళండి. ముగ్గు కావచ్చు, కుట్టు కావచ్చు, వడ్రంగం కావచ్చు. రెండోది, దిగులుగా ఉంటే పిల్లలతో దాచకండి, డాక్టరుతో అసలు దాచకండి. మూడోది, ఎదురింటివాళ్ళకు మొదటివారంలోనే నమస్కారం పెట్టండి. భాష రాకపోయినా ఫరవాలేదు.

ఎక్కడికీ వెళ్ళనివారు నిరాశపడనక్కరలేదు. కాకినాడ ఎండలో ఆరుబయట లాంతరు నిలవదు గానీ, సెలవులకు మనవలు వచ్చినప్పుడు ఫ్రిజ్ డీప్ ఫ్రీజరులో చిన్న లాంతరు చేయవచ్చు. స్టీలు గిన్నెలో గ్లాసు పెట్టి, గ్లాసులో గులకరాళ్ళు వేసి, మధ్య నీళ్ళలో నాలుగు బంతిరేకులు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు పోస్తే ఊడివస్తుంది. సాయంత్రం లైట్లార్పి, పళ్ళెంలో పెట్టి వెలిగించండి. కరిగిపోయేదాకా పిల్లలు మీ చుట్టూనే కూర్చుంటారు. ఆ కాసేపట్లో ఏ కథ చెబుతారో మీ ఇష్టం.